వియత్నాం బస్సులో అవ్వ

వియత్నాంలో నాకు వచ్చిన భాష సున్నా. హోటల్లో మా ఆవిడకి ఇడ్లీలు ఉడికేంత జ్వరం, నా చేతిలో మందులు. బస్సులో పక్కనున్న అవ్వకి హోటల్ కార్డు చూపించి, "మా స్టాపొస్తే జెర చెప్పవ్వా" అని తెలుగులోనే అరిచాను.

మన సికింద్రాబాద్‌లో బస్సు ఆగదు, నెమ్మదిస్తుంది; మనమే దూకాలి. ఆ అలవాటుకొద్దీ బస్సు నెమ్మదించినప్పుడల్లా, ఓ నాలుగొందలసార్లు లేచాను. ప్రతిసారీ అవ్వ నా చొక్కా పట్టి లాగి కూర్చోబెట్టింది. చివరికి తనే లేచి, తలుపుకి గొడుగు అడ్డంపెట్టి, డ్రైవర్ని కేకలేసి, నా రెండు కాళ్లూ నేలమీద ఆనేదాకా బస్సుని కదలనివ్వలేదు. ఎదురుగా మా హోటల్.

ఇప్పుడు ఇక్కడ బస్సు పూర్తిగా ఆగితేగాని లేవను. "ఏం సార్, ఇంట్ల దించాల్నా?" అని కండక్టరమ్మ విసుక్కుంటుంది. విసుక్కోనీ. అవ్వకి మాటిచ్చాను, ఏ భాషలోనో తెలియదు గానీ.