నీడలో పెరిగిన టమాటా నారు

నంద్యాల దగ్గర నర్సరీలో నాకు ఎండ తగలని టమాటా నారు అంటగట్టారు. తెచ్చి ఆళ్లగడ్డలో మా చేన్లో నాటితే రెండో మధ్యాహ్నానికే సాళ్లకు సాళ్లు వాలిపోయాయి. ఈ పంటకారుకు నేను పెట్టుకున్నది ఆ అరెకరమే. అది పోతే ఈ ఏడు నాకు పంట లేదు.

వాలిన మొక్కను పీకి చూశాను. వేరు తెల్లగానే ఉంది, ఆకు వెనక పురుగు లేదు, కాండం మొదట్లో కుళ్లు లేదు. మరి దీనికి వచ్చిన రోగమేమిటి? గట్టు మీద కూర్చుని ఆలోచిస్తుంటే, నేను కొత్తగా సేద్యంలోకి దిగిన రోజుల్లో మా మేనత్త పోసిన నారుమడి గుర్తుకొచ్చింది. మొలకలకు ఆకుల పందిరి వేసి చంటిబిడ్డల్లా సాకిన మనిషి, నాటే రోజులు దగ్గరపడేసరికి పందిరి పీకేసి, నీళ్లు తగ్గించేసి, నారును ఎండకు వదిలేసేది. మిట్టమధ్యాహ్నం అవి తలలు వేలాడేస్తే నాకు మనసు నిలిచేది కాదు. బడి మొహం చూడకుండా పొట్లాలు కట్టిన కాగితాలు కూడబలుక్కుని చదువు నేర్చినవాణ్ణి, ఎందుకన్నది తేలకపోతే ఊరుకోలేను. లోపల ఏం జరుగుతోందోనని ఒక మొక్క పీకాను. అత్త చూడనే చూసింది.

"ఏందిరా చేస్తాండావ్ ఆడ? పీకితివి గదా, ఇంగ దాన్ని నీ నెత్తిన నాటుకో!"

మర్నాడు తెల్లారి తనే పిలిచి చూపించింది. చల్లపూట తిరిగి నిటారుగా నిలబడ్డవి చేనుకు, అప్పటికీ తల ఎత్తనివి గట్టుకు. ఆకు రంగు కాస్త తగ్గి, కాండం ఊదాకు తిరిగి గట్టిపడితేనే నాటేది.

ఆ గుర్తుతో చూస్తే నా చేన్లోని కాండాలన్నీ లేతాకుపచ్చగా, వేలితో నొక్కితే నలిగేటట్టున్నాయి. వేపమండలు గుచ్చి నీడ పెట్టి సగం మొక్కలను నిలబెట్టుకున్నాను గానీ నా కోపం చల్లారలేదు. నంద్యాల బస్సెక్కి పోయి నర్సరీ యజమానిని నిలదీశాను. మొదట నేను ఎక్కువ నీళ్లు పెట్టానన్నాడు, తర్వాత నేల మంచిది కాదన్నాడు. నేను కదల్లేదు. నారు పోసేవాడు ఒకడు, నాటేవాడు ఇంకొకడు అయ్యాక నడుమనున్న ఆ ఎండ రోజులు ఎవరివీ కాకుండా పోయాయే అన్నదే నా బాధ. ఎండకెందుకు పెట్టలేదని మళ్లీ అడిగితే, చివరికి చెప్పాడు.

"పెట్టినాం పెద్దాయనా. ఆ ట్రేలు నువ్వొచ్చిన పొద్దు గూడా ఈ గేటు కాడనే ఉండె. రంగు తగ్గినాయని అందరి మాదిరే నువ్వూ వాటిని పక్కకు నూకి, లోపల నీడన ఉండే పచ్చటివి ఏరుకుంటివి. ఇంగ ఎవరికోసం ఎండబెట్టల్ల?"