మూత కనబడని షెవర్లే

మా పెద్దమ్మ అప్పలనర్సమ్మకి ఎదురు చెప్పడమంటే మహా ఇష్టం. అరవై రెండేళ్ళు వచ్చాయి, మోకాళ్ళు అరిగాయి, ఆ ఇష్టం మాత్రం అరగలేదు. బిలాస్‌పూర్ రైల్వే షెడ్‌లో పనిచేసే పెదనాన్న పోయాక ఆయన బదులు ఆమెకి ఉద్యోగం ఇచ్చారు. ఆడమనిషి, టీ కాచి పెడుతుందిలే అనుకున్నారు. మూడు నెలలు కాచింది. నాలుగో నెల టీ గిన్నె తీసుకెళ్ళి ఫోర్మన్ బల్ల మీద పెట్టి, "నాకిచ్చింది కలాసీ ఉద్యోగం. సుత్తి ఇప్పించండి" అంది. రేకు పని అలా పట్టుబడింది. రిటైరయ్యాక కూడా ఊరుకోక లాల్‌ఖదాన్‌లో పట్టాల పక్కన కార్ల సొట్టలు తీసే డెంటింగ్ షాపు పెట్టింది. నేను అక్కడ రంగులు కలుపుతాను, తిట్లు తింటాను.

ఏప్రిల్ మొదట్లో తిరుమలరావు ఒక కారుని లారీ మీద ఎక్కించుకొచ్చాడు. మా రైల్వే కాలనీలో తెలుగువాళ్ళ మధ్య పెరిగినవాడే, ఇప్పుడు పెళ్ళి ఊరేగింపులకి కార్లు అద్దెకిస్తున్నాడు. ఇది యాభై ఆరు మోడల్ అమెరికా షెవర్లే. ఒంటి నిండా నికెల్ పట్టీలు, ముక్కు మీద బుల్లి విమానం, వెనక దీపాలకి మెరుపు తొడుగులు. ఎన్నాళ్ళ బట్టి మూలపడి ఉందో గాని, నాకు చూడగానే ముచ్చటేసింది. అక్తికి, అంటే ఇక్కడ ఊరంతా పెళ్ళిళ్ళు జరిగే అక్షయ తృతీయకి, సిద్ధం కావాలన్నాడు.

"దీనికి పెట్రోలు పోసే మూత నేదు ఆంటీ. పాత ఓనరు ఎవడో మూసీసి రంగేసీసినాడు. మెకానిక్ మూడ్రోజులు ఎతికినాడు. ఈ ఎడం పక్క రేకు కోసి కొత్త మూత పెట్టీండి. అచ్ఛా, ఈ షోకు సామానంతా కూడా పీకీండి. దీంతో ఏటి పని? బరువు దండగ."

ఎక్కడ కోయాలో సుద్దతో గీత గీసి మరీ చూపించాడు.

పెద్దమ్మ కట్టర్ ముట్టుకోలేదు. వెనకవైపు ఏముందో తడిమి చూడకుండా రేకు కోయకూడదన్నది షెడ్‌లో ఆమె నేర్చుకున్న మొదటి పాఠం. ఆ పాఠానికి ఒక వేలి కొస ఇచ్చుకుంది కూడా.

"నోరు నేకుండా బండి పుడతాదేటి?" అంది.

"ఎలా పుడితే నాకేటి ఆంటీ. కోసీండి. మీకు చాతకాకపోతే లింగియాడీహ్‌లో కుర్రాళ్ళున్నారు, గంటలో కోసిచ్చీస్తారు."

ఆమెతో చాతకాదన్న మాట అనకూడదు. నాకే ఒళ్ళు మండిపోయింది. ఆమె మాత్రం గోనెసంచి పరుచుకుని కారు కిందకి దూరింది. టాంకీ నుంచి పైకి వెళ్ళే గొట్టాన్ని చేత్తో తడుముకుంటూ పోయింది. గొట్టం తిరుమలరావు గీసిన గీత దగ్గర ఆగలేదు. దాన్ని దాటి ఎడమ దీపం వెనక్కి వెళ్ళింది. పెద్దమ్మ బయటికొచ్చి, దీపం పైనున్న నికెల్ ముక్క సందులో నాలుగు చుక్కలు నూనె వేసి, గుడ్డ చుట్టి తిప్పింది. రెండుసార్లు కదల్లేదు. మూడోసారి దీపం మొత్తం తలుపులా కిందకి వాలింది. దాని వెనక టాంకీ మూత, మూత మీద అంగుళం మందాన దుమ్ము.

చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. అదీ మూడు రోజులు. నేను నవ్వు ఆపుకోలేదు, ఆపుకోవాలనీ అనుకోలేదు.

తిరుమలరావు తొందరగానే తేరుకున్నాడు. వ్యాపారం చేసే మనిషి కదా. "సర్లెండి, పనికొచ్చిందేదో ఉంచీండి. మిగతావి పీకీండి. ఈ విమానం సూడండి. ఇది ఎగరదు, దీని ఎనకాతల ఏ మూతా నేదు" అన్నాడు. దాని బోల్టు మెకానిక్ ముందే వదులు చేసి ఉంచినట్టున్నాడు, ఇట్టే ఊడదీసి ఆమె చేతిలో పెట్టాడు.

ఇక్కడ పెద్దమ్మ ఓడిపోయిందనే అనుకున్నాను. ఆమె విమానాన్ని అటూ ఇటూ తిప్పింది. కొంగుతో తుడిచింది. బోనెట్ ఎత్తి, అది కూర్చునే చోట కిందా మీదా చూసింది.

"నిజమే బాబూ. దీనికి ఏ పనీ నేదు" అంది.

"అదే కదా ఇందాకటి నుంచీ నానంటున్నాను."

పెద్దమ్మ విమానాన్ని దాని చోట కూర్చోబెట్టి పానాతో బోల్టు బిగించింది. ఇంకో తిప్పు తిప్పి మరీ బిగించింది. బోనెట్ దించింది.

"పన్నేదని ఒప్పుకున్నాను కదా. ఐనా ఉంటాది. పన్నేకపోతే ఉండకూడదని నా షాపులో ఎవుల్నీ అన్నివ్వను. పీకించాలంటే బండి తోసుకుపొండి."

తిరుమలరావు రోడ్డు వైపు చూశాడు. లారీ ఎప్పుడో వెళ్ళిపోయింది. ఎండ మండుతోంది. విమానం వైపు చూశాడు, నా వైపు చూశాడు. నేను తల దించుకుని రంగు కలుపుతున్నాను.

"అక్తికి అయిపోతాదా ఆంటీ?" అన్నాడు చివరికి.

"రంగు ఆరాలి" అంది పెద్దమ్మ. "ఆరినప్పుడు అవుతాది."