వేలాడుతున్న కేబుల్

ఆ రోజుల్లో అమెరికాలో, మా పార్సిప్పనీలో కొత్త కన్సల్టెంట్ అంటే పని తెలిసినవాడని కాదు, పని తెలిసినవాడి ఫోన్ నంబర్ దగ్గరున్నవాడని అర్థం. నా దగ్గరున్న నంబర్ మా రూమ్మేట్ రీస్టార్ట్ బావది. (చుట్టరికమేమీ లేదు. ఏ సమస్య చెప్పినా రీస్టార్ట్ చెయ్యమనేవాడు కాబట్టి ఆ పేరు.) నా కాంట్రాక్ట్ ఆ శుక్రవారంతో అయిపోతుంది. పొడిగిస్తే సరి, లేకపోతే ప్రాజెక్ట్ లేకుండా బెంచ్ మీద కూర్చోవడం, ఆ వెనకే వీసా బెంగ.

సరిగ్గా ఆ శుక్రవారం పొద్దున నెట్‌వర్క్ గదిలోకి వెళ్తే, ఫ్లోర్‌లో కంప్యూటర్లన్నిటినీ కలిపే స్విచ్ పెట్టె పక్కన ఒక కేబుల్ కొస వేలాడుతోంది. ఏదైనా చిందరవందరగా కనిపిస్తే నా చెయ్యి ఊరుకోదు, మా అమ్మ పెంపకం అలాంటిది. స్విచ్‌కి ఖాళీగా ఉన్న పోర్ట్‌లో దాన్ని గుచ్చి, గది ఎంత నీట్‌గా ఉందోనని మురిసిపోయాను. నిమిషం తిరక్కుండా ఫ్లోర్ మొత్తం నెట్‌వర్క్ పోయింది. స్విచ్ మీద లైట్లన్నీ పూనకం వచ్చినట్టు కొట్టుకుంటున్నాయి. తెలుగు ముక్క రాని మా మేనేజర్ మేడమ్ వచ్చి, చేతులు కట్టుకుని గుమ్మంలో నిలబడింది. నేను ఫోన్ తీశాను.

"బావా, నెట్‌వర్క్ డౌన్."

"స్విచ్ రీస్టార్ట్ చెయ్."

"మూడుసార్లు చేశాను బావా."

"సరిగ్గా చేసుండవు. మళ్ళీ చెయ్."

ఫోన్‌లోంచి చెయ్యి పెట్టి పీక నొక్కే వీలుంటే ఎంత బాగుండేదో. నాలుగోసారీ అంతే. అప్పటికి గాని ఆ మహానుభావుడికి అడగాలనిపించలేదు.

"నువ్వేమైనా ముట్టుకున్నావా?"

"లేదు బావా. వేలాడే కేబుల్ ఒకటి సర్దానంతే."

"దాని రెండో కొస ఎక్కడుందిరా?"

చూశాను. అదే స్విచ్‌లో ఉంది.

"ఏ మెషీన్ ఏ పోర్ట్‌లో ఉందో స్విచ్ గుర్తుపెట్టుకుని డేటాని అక్కడికే పంపిస్తది. తెలియకపోతే అన్ని పోర్ట్‌లకీ పంపిస్తది. నువ్వు కేబుల్ రెండు కొసలూ దాంట్లోనే పెట్టావు. పంపింది తిరిగి దానికే వస్తది, మళ్ళీ అందరికీ పంపిస్తది. ఇంక ఆగేదెప్పుడు? ముందది పీకు."

పీకాను. లైట్లు నెమ్మదించాయి. ఫ్లోర్ అంతా చప్పట్లు.

"మేడమ్, అసలు ఆ కేబుల్..." అని నోరు తెరిచాను.

"నీ కాంట్రాక్ట్ ఆరు నెలలు ఎక్స్‌టెండ్ చేస్తున్నాను" అందావిడ. నోరు దానంతటదే మూసుకుంది. సోమవారం అందరికీ మెయిల్ వచ్చింది, ఇకమీదట నేను తప్ప ఎవరూ కేబుళ్ళు ముట్టుకోకూడదట.

ఆవిడ రిటైరై చాలా ఏళ్ళయింది. ఇప్పటికీ ప్రతి క్రిస్మస్‌కీ "ఆ రోజు మమ్మల్ని గట్టెక్కించిన అబ్బాయికి" అంటూ కార్డ్ పంపుతుంది. ఈసారైనా నిజం రాసేద్దామని పెన్ను పట్టుకుని కూర్చుంటాను. జుట్టు నెరిసింది, ఉద్యోగానికి ఢోకా లేదు, ఇంకా ఎవరికి భయపడుతున్నానో తెలీదు. "థాంక్యూ మేడమ్" అని రాసి, కవర్ అంటించేస్తాను.