మీసం మీద ఒట్టు, ఒంటికన్ను ప్రొఫెసరు

మొన్న ఆదివారం తెల్లాపూరులోని మా ఇంట్లో నేను పెసరట్టు ముందు కూర్చుని ఉండగా, ఎదుటి కుర్చీలో మా అమ్మాయి ఫోనులో ఎవరితోనో కురుక్షేత్రం నడుపుతోంది. ఏమిటమ్మా ఆ యుద్ధం అంటే, ఏదో వీరుల సినిమాలో రాబోయే విలన్ ఎవరన్న చర్చట, అవతలి మనిషి బ్రెజిల్ దేశస్థుడట, కథలన్నీ ముందే బయటికి పొక్కిపోయినా ఇద్దరూ కొట్టుకోవడం మాత్రం మానలేదట. ఓడిపోయినవాడు ఏం చేస్తాడని అడిగాను. ఏం చేస్తాడు నాన్నా, గ్రూపులోంచి వెళ్లిపోతాడు అంది. నా చెయ్యి నా అనుమతి లేకుండానే పైపెదవి మీదికి పోయింది. మా కాలంలో ఓడినవాడికి వెళ్లిపోయే సౌకర్యం లేదు. అందరం ఒకే వ్యానులో ఉండేవాళ్లం.

తొంభైల చివర్లో నేను చందానగర్‌లో ఒక గది కిరాయికి తీసుకుని, మాదాపూరులో కొత్తగా లేచిన ఒక అద్దాల మేడలో ఉద్యోగం చేసేవాణ్ణి. అద్దాల మేడ అన్నానని తొందరపడి ఇప్పటి మాదాపూరును ఊహించుకోకండి. ఒక్క మేడ, దాని చుట్టూ భూమి పుట్టిన నాటినుంచీ పక్కకు జరగని బండరాళ్లు, వాటి మీద మాకంటే నిశ్చింతగా మేకలు. పాత ప్రోగ్రాముల్లో రెండంకెలుగా ఉన్న సంవత్సరాన్ని నాలుగంకెలు చేయడం మా పని. చేయకపోతే రెండు వేల సంవత్సరం పుట్టిన క్షణాన విమానాలు జామకాయల్లా రాలిపోతాయని పత్రికలు రాసేవి. ఇంతటి లోకరక్షణ భారం మోస్తున్న మేము, పొద్దున్నే ఆఫీసు వ్యానెక్కితే మాట్లాడుకునేది మాత్రం ఒంటికన్ను ప్రొఫెసరు గురించే.

రబ్బరు చొక్కా తొడుక్కుని మేడల మీద తిరిగే వీరుడి సినిమా ఒకటి అప్పట్లో భాగాలు భాగాలుగా వచ్చేది. రెండో భాగంలో, ఎండను సీసాల్లో పట్టి లోకానికి అమ్ముకోవాలని చూసిన ఒంటికన్ను ప్రొఫెసరు చివరికి జలపాతంలో పడ్డాడు. అది ఎంతటి జలపాతమంటే, ముందు వరసలో కూర్చున్న పాపానికి నాకు వారం పాటు జలుబు వదల్లేదు. శవం తేలలేదు, కంటికి కట్టుకునే నల్లపట్టీ ఒక్కటే తేలింది. అక్కడితో తెరమీద శుభం పడింది, మా వ్యానులో నిట్టనిలువునా చీలిక పడింది.

ప్రొఫెసరు బతికే ఉన్నాడన్న వర్గానికి నాయకురాలు మా టీం లీడరు. కాకినాడ వైపు మనిషి, మాకంటే పెద్దది కాబట్టి అందరం అక్కయ్య అనేవాళ్లం. "శవం చూపించారాండీ? చూపించలేదు కదా! శవం చూపించకపోతే ఏ దేశం సినిమాలోనైనా చావనట్టేనండి" అని ఆవిడ అంటే అది శాసనం. పైగా విలన్ లేని వీరుడు దేనికి, మేడ మీద బట్టలారేసుకోవడానికి తప్ప, అని కూడా అనేది. చచ్చాడన్న వర్గానికి నాయకుణ్ణీ, అనుచరుణ్ణీ నేనే. పాత విలన్ను మళ్లీ లేపడం నిన్నటి ఉప్మాను వేడి చేయడం లాంటిదనీ, మూడో భాగానికి కొత్త విలన్ కావాలనీ నా వాదన. సంవత్సరాల్లో మొదటి రెండంకెలు దొంగిలించి లోకాన్ని వెనక్కి తోసేసే విలన్ను నేనే సృష్టించి వ్యానుకు సమర్పించాను. ఆఫీసు పని వ్యానులోకి తేవద్దని అక్కయ్య కొట్టిపారేసింది.

మధ్యలో తీర్పరి మా డ్రైవరన్న. చందానగర్‌లోనే పుట్టినవాడు, ఆ రోడ్డు తమ తాత పొలంలోంచి పోతోంది కనుక దానిమీద ఎవరేం మాట్లాడినా తుది మాట తనదేనని ఆయన నమ్మకం.

"జర ఆగుండ్రి సార్. గా ప్రొఫెసరు హీరోకు సొంత మేనమామ. మూడో పార్టుల తెలుస్తది."

"నీకెట్లా తెలుసన్నా?"

"మేనమామ గాకుంటే గంత పగ ఎందుకుంటది సార్?"

దీనికి జవాబు చెప్పగల చదువు మా కంపెనీలో ఎవరికీ లేదు. ప్రొఫెసరు ఆటలు మనదగ్గర సాగవనీ, మూడో పార్టులో వాణ్ణి మియాపూర్ డిపో దగ్గరికి తోలితే బస్సుల మధ్య ఇరుక్కుని ఎండను కాదుగదా, బీడీకి నిప్పు కూడా ఎత్తుకుపోలేడనీ ఆయన ధీమా.

ఒకనాడు కొండాపూరు గుంతల్లో వ్యానూ, నా రక్తమూ సమానంగా ఎగిరిపడుతున్న వేళ, ప్రొఫెసరు బతికొస్తే నా మీసం తీసేస్తానని ఒట్టు పెట్టేశాను.

ఆ మీసం సంగతి చెప్పాలి. మాది కర్నూలు వైపు. మావాళ్ల మీసాల మీద నిమ్మకాయ నిలుస్తుందంటారు. నా మీసం మీద గుమ్మడికాయ పెట్టి, దానిమీద దీపం వెలిగించుకోవచ్చు. అంతకంటే ముఖ్యం, మా ఇళ్లల్లో మగవాడు మీసం తీసేది కన్నతండ్రి పోయినప్పుడే. మీసం లేని ముఖం కనబడితే మా ఊళ్లో ఎవరూ పలకరించరు, పరామర్శిస్తారు. మా నాన్న అప్పటికి ఉక్కుగుండులా ఉన్నారు.

ఇలా ఉండగా నాకు పెళ్లి కుదిరింది. కాబోయే మామగారికి నా ఉద్యోగం అర్థం కాలేదు. సంవత్సరాలకు అంకెలు అతికిస్తానంటే జాలిగా చూశారు. కానీ మీసం చూసి, అది మాట మీద నిలబడే మనిషి మీసమని మెచ్చి, అక్కడికక్కడే తాంబూలాలు పుచ్చుకున్నారు. అమ్మాయి తలుపు వెనకనుంచి నన్ను చూసి నవ్వింది. ఆ నవ్వుతో నాకు కర్నూలు నుంచి చందానగర్ దాకా బస్సులో సీటు దొరకలేదన్న సంగతే తెలియలేదు. సరిగ్గా పెళ్లి దగ్గరపడుతుండగా మూడో భాగం విడుదలయింది. నా జీవితం, ముఖం కూడా తెలియని దొరలెవరో రాసేసిన కథలో ఇరుక్కుంది. వాళ్లకు ఫోను చేసి, అయ్యా నాకు పెళ్లుంది, ఆ ప్రొఫెసరును నీళ్లలోనే ఉంచండని చెప్పుకునే దారి లేదు.

ముందు ఇంగ్లీషు బొమ్మ వచ్చింది. వ్యానంతా కలిసి వెళ్లాం. సగం సినిమా అయ్యాక తెరమీద ఒక కుర్చీ గిర్రున తిరిగింది, అందులో నల్లపట్టీ కట్టుకున్న మనిషి. నా ప్రాణం జేబురుమాలులోకి జారింది. ఆ మనిషి ఏదో ఒక్క ముక్క అన్నాడు, సరిగ్గా అప్పుడే హాలు కప్పు లేచిపోయేలా ఈలలు, మా తలల మీద కాగితం ముక్కల వాన. ఆ మాట ఏమిటో ఒక్కరికీ వినబడలేదు, మిగతా సగంలో ఆ సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు. తిరిగి వచ్చానన్నాడని అక్కయ్య, ప్రొఫెసరు తమ్ముణ్ణన్నాడని నేను. డ్రైవరన్నను అడిగితే, తనకు మేనమామ అన్నట్టే ఇనవడ్డదన్నాడు. తెలుగులో వచ్చినప్పుడు తేల్చుకుందామని ఒప్పందం కుదిరింది.

తెలుగు బొమ్మ మా పేట టాకీసులోకి దిగిన రోజునే పెళ్లిబట్టల కోసం మామగారు దిగారు. ఆయన్ను గదిలో ఒంటరిగా వదలడం మర్యాద కాదని వెంటబెట్టుకెళ్లాను. ఆయన పక్క సీట్లో డ్రైవరన్న కూర్చున్నాడు. కూర్చున్నవాడు ఊరుకుంటాడా? "పెద్దాయనా, ఇయ్యాల మీ అల్లుని మీసం తెర మీద ఉన్నది" అని మొదలుపెట్టి మొత్తం చెప్పేశాడు.

కుర్చీ తిరిగింది. దొర పెదాలు మూడు మాటలకు కదిలాయి, మన డబ్బింగు రచయిత పుణ్యమా అని డైలాగు మాత్రం మూరెడు వచ్చింది: నన్ను ముంచే నీళ్లు ఇంకా మబ్బుల్లోనే ఉన్నాయిరా, వాటికి కూడా నా పేరు చెబితే వణుకేరా!

హాలు ఊగిపోయింది. నేను మాత్రం సీట్లో తడిగుడ్డలా వేలాడాను.

బయటికొచ్చాక అక్కయ్యే నన్ను చూసి కరిగిపోయింది. "పోనీలెండి తమ్ముడూ, పెళ్లి పెట్టుకుని ఇవన్నీ ఎందుకండీ, నేను వదిలేశాను" అంది. ఆవిడకు మనసులోనే సాష్టాంగపడ్డాను. కానీ మామగారు కండువా దులిపి ముందుకొచ్చారు.

"ఆయమ్మ వదిలేస్తే సరిపోతాదా నాయనా? నువ్వు ఒట్టు పెట్టింది ఆయమ్మ మింద కాదు గదా, మీసం మింద. మీసం వదిలేసిందా?"

ఆయన చూపుడువేలు నా మీసం కొసదాకా వచ్చి ఆగింది.

"మాట నిలపని మీసం నాకొద్దప్పా. తీసేసి రా. పిల్లనిస్తా."

ఊళ్లో మా నాన్నకు తెలిసి, తాను బతికుండగా కొడుకు మీసం తీస్తే పెళ్లికే రానని మంచమెక్కారు. ఇటు తీస్తే నాన్న రారు, అటు తీయకపోతే పిల్ల రాదు. చివరికి వియ్యంకులిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు చెప్పలేదు. నన్ను మంగలి దగ్గరికి మాత్రం పంపారు. అతను కత్తి నూరుతూ, ఎంతో మెల్లగా, "నాయిన ఎప్పుడు పోయిండు సార్?" అని అడిగాడు. ఒంటికన్ను ప్రొఫెసరు సంగతి అతనికి ఎక్కడినుంచి మొదలుపెట్టి చెప్పను?

పెళ్లిలో మా నాన్నను మండపం గుమ్మంలోనే సింహాసనమంత కుర్చీ వేసి కూర్చోబెట్టారు. వచ్చినవాళ్లందరికీ ఆయన ముందు కనబడాలి, ఆ తరవాతే నేను. అయినా ఒక ముసలావిడ నా గడ్డం పట్టుకుని, ఏటిసూతకంలో పెళ్లేమిటి నాయనా అని భోరుమంది, నాన్న కుర్చీలోంచి లేచి, "నేను బతికే ఉండాను పెద్దమ్మా!" అని కల్యాణమండపం దద్దరిల్లేలా అరిచారు. మేళగాళ్లు అదేదో సంకేతమనుకుని గట్టిమేళం వాయించేశారు. తలంబ్రాలు పోస్తూ మా ఆవిడ నవ్వాపుకోలేక సగం బియ్యం పురోహితుడి మీద పోసింది.

ఇదంతా విన్న మా అమ్మాయి ఊరుకునే రకం కాదు. ఆ పాత సినిమాను ఎక్కడినుంచో పట్టుకొచ్చి, కింద అక్షరాలు పడేలా పెట్టింది. కుర్చీ తిరిగింది, ఈలలు లేవు, మా డ్రాయింగు రూములో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. చచ్చినవాడు మా అన్న, అని ఉంది తెరమీద. నాన్నా, నువ్వే గెలిచావు అని అమ్మాయి ఎగిరి గంతేసింది. గెలిచి ఎవరికి చెప్పుకోను? మామగారు పోయారు. అక్కయ్య పాత నంబరుకు చేస్తే అలాంటి నంబరే లేదంది ఫోను. డ్రైవరన్న ఎక్కడున్నాడో చందానగర్‌లో చెప్పేవాళ్లే లేరు.

మా నాన్న కూడా మూడేళ్ల కిందట వెళ్లిపోయారు. ఆసారి పద్ధతి ప్రకారం మీసం తీయించుకుని, కర్మలన్నీ ముగించి ఆఫీసుకు వెళితే, లిఫ్టులో పక్క టీం వాళ్లు నన్ను చూసి, కొత్త లుక్ అదిరింది సార్ అన్నారు. వాళ్ల తప్పు లేదు. ఆ మేడలో సగం మంది మగవాళ్లకు మీసాల్లేవు, వాళ్ల నాన్నలందరూ నిక్షేపంగా ఉన్నారు. నేనూ నవ్వి థాంక్స్ చెప్పాను. సాయంత్రం దాకా ఆ అద్దాల మధ్య తిరుగుతూనే ఉన్నాను, నాయిన ఎప్పుడు పోయిండని ఒక్కరైనా అడుగుతారేమోనని.