పారాణి పాదాలు, తెల్ల పరదా

ఏన్కూరులో మా నాయన ఫొటో స్టూడియో నడిపినన్నాళ్లూ తెల్ల పరదాకు మరక అంటకుండా కాపాడింది నేనే. సరే, ఒక్క వేసవి సెలవుల్లోనే లెండి. మొన్న ఖమ్మంలో మనవడి స్టూడియోలో తెల్ల తెర ముందు అందరి చేతా చెప్పులు విప్పిస్తుంటే అదంతా గుర్తొచ్చింది.

మా పరదా గోడ మీంచి దిగి నేల మీద కూడా పరుచుకుని ఉండేది. నీలిమందు వాసన వేసేది. దానికి మరక పడితే అంతకుముందు తీసిన ఫొటోలన్నిటికీ అంటుకుంటుందని, గోడకున్న ఫొటోలో చనిపోయిన నాయనమ్మ ముఖానికి కూడా అంటుకుంటుందని నమ్మేవాణ్ణి.

ఒకరోజు పెళ్లిపందిట్లోంచి నేరుగా పెళ్లికూతురిని తీసుకొచ్చారు. పాదాలకు పారాణి ఇంకా తడిగానే ఉంది.

"కాళ్లు కడుక్కోవాలె," అన్నాను.

"ఏందిరా, పారాణి కడుగుతరా ఎవరన్న?" వాళ్లమ్మ కసిరింది.

నాయనమ్మ ఫొటో వైపు చూశాను. ఒంటి మీది తెల్ల చొక్కా విప్పి పరదా మీద పరిచాను. పెళ్లికూతురు దాని మీదే నిలబడింది. చొక్కా మీద రెండు ఎర్రటి పాదాలు పడ్డాయి. పరదా మాత్రం తెల్లగానే ఉంది.

"నాయనమ్మ ముఖానికి ఇప్పటికీ మచ్చ లేదంటే నా చొక్కా చలువే," అన్నాను మొన్న మనవడితో.

పక్కనే కూర్చున్న మా అన్న తలెత్తాడు.

"అంగి నాదిరా. అడగకుంట ఏసుకపోయినవ్. ఖరాబు చేసిన్నని అమ్మ కొట్టింది గూడ నన్నే."