ఇంకో ఆరు గజాలు

శనివారం మధ్యాహ్నమైతే హోలిస్ మంగలి షాపులో టీవీకి ఎదురుగా ఉన్న కుర్చీ ఓర్వల్ స్టెగాల్‌ది. క్షవరం చేయించుకోడు, లేవడు. అలబామాలోని ఆ ఊరి కాలేజీ గడప ఏనాడూ తొక్కలేదు గానీ, దాని అమెరికన్ ఫుట్‌బాల్ జట్టును ‘మనవాళ్లు’ అంటాడు. ఉడకబెట్టిన వేరుశనక్కాయలు చప్పరించి, ఉప్పునీళ్ల వేళ్లను పొట్ట మీది ఆకుపచ్చ చొక్కాకి తుడుచుకుని ఫోను తీస్తాడు. పందేలన్నీ అందులోనే. ఎవడైనా ఆటగాడు ఎక్కువ డబ్బిచ్చే కాలేజీకి మారాడని తెలిస్తే మాత్రం మండిపడతాడు. “విశ్వాసం లేని వెధవలు! ఆట మీద ప్రేమ ఏదీ వీళ్లకి?”

మొన్న ఆ జట్టులోని ట్రెమెయిన్ అనే కుర్రాడు ఆ రోజు ఆటలో బంతి పట్టుకుని మొత్తం వంద గజాలు పరిగెడతాడని పందెం కాశాడు. తొంభైనాలుగు దగ్గర, అందరూ టీవీలో చూస్తుండగానే, ఆ కుర్రాడి మోకాలు పక్కకి విరిగింది. హోలిస్ కత్తెర ఆపేశాడు.

“ఇంకో ఆరు గజాలు! ఆ తర్వాత పడితే వీడి సొమ్మేం పోయింది?” అన్నాడు ఓర్వల్.

“పిల్లాడి కాలు విరిగిందిరా, ఓర్వల్,” అన్నాడు హోలిస్.

“అయితే ఏంటి? వచ్చే ఏడు ఎలాగూ ఇంకో కాలేజీకి పోయేవాడేగా.”

టీవీలో స్ట్రెచర్ మీద కుర్రాడు ముఖం కప్పుకుని ఏడుస్తున్నాడు. షాపులో వాళ్లంతా టోపీలు తీసి ప్రార్థనకు తలలు వంచారు. ఓర్వల్ కూడా తీశాడు. టోపీని ఒళ్లో బోర్లించి, దాని చాటున ఫోను పెట్టుకుని, పందేల జాబితాలో ట్రెమెయిన్ బదులు దిగేవాడి పేరు వెతికాడు.