మగ్గాల సప్పుడు ఆగితే

పదో తరగతి ప్రీ ఫైనల్‌లో మా బడి పిల్ల ఒకతె రెండోసారి పరీక్ష మధ్యలో లేచి ఇంటికి పరుగెత్తింది. పెద్ద పరీక్షల్లో ఇలా చేస్తే ఏడాది పోయినట్టే. మా హెడ్మాస్టర్ మంచి మనసుతోనే, "ఒక్కతే ప్రశాంతంగా రాసుకుంటది" అని మర్నాడు మూల గదిలో కూర్చోబెట్టారు. తలుపులు మూయించి, కిర్రుమంటోందని ఫ్యాను కూడా ఆపించారు. కాసేపటికే అక్కడి నుంచీ పారిపోయింది. "ఇంకేం చేయాలె మేడం, నెత్తిన పెట్టుకోవాల్నా?" అని నా మీద విసుక్కున్నారు. ఎందుకు పోతున్నావమ్మా అని అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు. నాకు ఒళ్ళు మండింది.

సాయంత్రం కొత్తవాడలో వాళ్ళింటికి పోయాను. ముందు గదిలో పవర్‌లూమ్‌లు దడదడలాడుతున్నాయి. పక్కనే నేల మీద కూర్చుని ఆ పిల్ల తీరిగ్గా లెక్కలు చేస్తోంది. ఈ రొదలో ఎట్లా చదువుతావని గొంతు చించుకుని అడిగాను.

"సప్పుడుంటెనే మంచిగుంటది టీచర్. ఎవలన్న సచ్చిపోతెనే గల్లీల మగ్గాలన్ని ఆపుతరు. బాపుకు కరెంటు షాక్ కొట్టిన నాడు నేను బడి నుంచి వస్తాంటె యాడ సప్పుడు లేదు."

ప్రశాంతమైన గది అనుకుని మేం ఆ పిల్లను కూర్చోబెట్టింది చావింట్లో.

మిగిలిన పరీక్షలు మధ్యాహ్న భోజనం వండే చోటు పక్కన, గిన్నెల మోతలో రాయించాను. అన్నీ రాసింది. కానీ పెద్ద పరీక్షలకు కేంద్రం వేరే బడి. అక్కడ నా మాట ఎవరు వింటారు? హాల్ టికెట్ నంబరు ప్రకారం ఆమెకు ఎప్పుడూ రద్దీగా ఉండే ములుగు రోడ్డు వైపు గది పడిందని తెలిశాక కాస్త ధైర్యం వచ్చింది.

మొదటి రోజు గేటు బయటే నిలబడ్డాను. బస్సులు, ఆటోలు, హారన్లు. ఎన్నడూ లేనిది ఆ గోల నా చెవులకు ఇంపుగా ఉంది. ఇంతలో ఒక కానిస్టేబుల్ వచ్చి, "పిల్లలు పరీక్ష రాస్తాండ్రు, జర ఇంజన్లు బంద్ చెయ్యిండ్రి" అని ఆటోలు ఆపించాడు. బస్సులను పక్క రోడ్డుకు మళ్ళించాడు. రోడ్డు మూగబోయింది. అతన్ని ఆపబోయి ఆగిపోయాను. ఏమని చెప్పను, పిల్లల కోసం గోల చేయించమనా? గేటు కేసి చూస్తూ నిలబడ్డాను. ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుంది అనుకున్నాను. గంట కొట్టేదాకా గేటు తెరుచుకోలేదు.

అందరికంటే చివర వచ్చింది, ముఖం పాలిపోయి.

"సప్పుడు ఆగింది కదమ్మా," అన్నాను.

"ఆగింది టీచర్. లేద్దామనుకున్న. చుట్టు చూసిన. అందరు రాస్తాండ్రు. ఎవ్వలకు ఏం కాలే."